‘నా కూతురండీ, నా ఇష్టమండీ’

భార్యాభర్తల గొడవ కోర్టు మెట్లెక్కే ముందు బడి మెట్లెక్కుతుంది. నేను నరసాపురం చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి, చివర్లో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరైనదాన్ని. ఫ్యామిలీ కోర్టులో జడ్జిగారు వినే వాదనలు చాలావరకు అంతకుముందే నా బల్ల ముందు విన్నాను. నల్లకోట్లు లేవన్న మాటే గానీ అరుపులకేం తక్కువ లేదు.

ఓ జూన్‌లో, బళ్ళు తెరిచిన కొత్తలో, ఒకాయన వచ్చాడు. కూతురు ఏడో తరగతి. భార్య పుట్టింట్లో ఉంటోంది, పిల్లా ఆమె దగ్గరే. ‘టీసీ ఇచ్చేయండి మేడంగారూ, మా ఊళ్ళో చేర్పించుకుంటానండి’ అన్నాడు. ‘పిల్ల తల్లి ఏమంటోంది బాబూ?’ అన్నాను. ‘దాన్నడిగేదేంటండీ, నా కూతురండీ, నా ఇష్టమండీ’ అన్నాడు. ఎవరో కబురు చేసినట్టున్నారు, మధ్యాహ్నానికి తల్లి పరిగెత్తుకొచ్చింది. ‘ఆయన చేతికి టీసీ ఇచ్చారంటే ఈ గుమ్మంలోంచి కదల్ను మేడం’ అంది. వీళ్ళిద్దరూ ఇలా వాదులాడుకుంటుంటే ఆ పిల్ల వరండాలో కూర్చుని, కొత్తగా ఇచ్చిన పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం తీసి చూశాను. బడి మారే హక్కు అయిదో సెక్షన్‌లో ఉంది. ఆ హక్కు తండ్రిది అనలేదు, తల్లిది అనలేదు. పిల్లలదే అని రాశారు. అడిగిన వెంటనే టీసీ ఇవ్వాలి, ఆలస్యం చేస్తే హెడ్మాస్టరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు అని కూడా ఉంది. కన్నవాళ్ళిద్దరూ చెరోవైపు లాగితే ఎవరి మాట వినాలో మాత్రం అందులో లేదు. కోర్టు ఉత్తర్వు ఉంటే తెమ్మన్నాను, లేదంటే ఇద్దరూ కలిసి సంతకం పెట్టి తెమ్మన్నాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆ అమ్మాయి పదో తరగతి మా బడిలోనే పాసైంది.

తల్లిదండ్రులకి పిల్లల మీద హక్కులు లేవని నేననను. ఏ బడిలో వెయ్యాలి, ఏ డాక్టరుకి చూపించాలి, ఎక్కడ పెంచాలి అన్నవి వాళ్ళు తేల్చాల్సినవే. కానీ మన చట్టాలు నింపాదిగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఆ అధికారం ఇచ్చింది బాధ్యత మొయ్యడానికి. బాధ్యత వదిలేసిన చోట అధికారం కూడా పలచబడుతుంది. దాదాపు అన్ని చట్టాలూ ఇదే దారిన నడిచాయి, ఒక్కటి తప్ప. దాని దగ్గరికి వచ్చే ముందు జనం నోట నలిగే కొన్ని అపోహల సంగతి చూద్దాం.

మొదటిది: ‘అయిదేళ్ళు దాటితే పిల్లాడు తండ్రివాడు’. రచ్చబండ మీద పెద్దమనుషులు కూడా ఈ మాట ఖాయంగా చెబుతారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఉన్నది వేరు. అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి అంది చట్టం. అయిదు నిండగానే తండ్రికి అప్పజెప్పమని ఎక్కడా అనలేదు. అదే చట్టంలో పదమూడో సెక్షన్ ఉంది. సంరక్షకుల్ని నియమించేటప్పుడు బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని అది చెబుతుంది. తండ్రి సంపాదన, తల్లి సంపాదన, ఇంటి వాతావరణం, చదువు, అన్నీ ఆ తర్వాతే. పిల్లలు తమ మనసులో మాట చెప్పగల వయసు వాళ్ళైతే వాళ్ళ ఇష్టాన్ని కూడా కోర్టు పరిగణించవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. బ్రిటిషు వాడి కాలంలో రాసిన చట్టం పిల్లల్ని అడగమంది. మనం ఇప్పటికీ వాళ్ళని పక్క గదిలోకి పంపేసి పంచాయితీ చేస్తాం.

రెండోది: ‘మారు మనువు చేసుకుంటే తల్లికి హక్కు పోతుంది’. 1956 చట్టంలో సహజ సంరక్షకులు ఆ అర్హత కోల్పోయే సందర్భాలు రెండే రాశారు. ఒకటి, హిందూ మతం వదిలేయడం. రెండు, వానప్రస్థమో సన్యాసమో తీసుకుని లోకాన్ని పూర్తిగా విడిచిపెట్టడం. మళ్ళీ పెళ్ళి చేసుకోవడం ఆ జాబితాలో లేదు. తండ్రి మారు మనువు చేసుకుంటే ఎవరూ అడగని ప్రశ్న తల్లిని మాత్రమే ఎందుకు అడుగుతారో నాకిప్పటికీ అర్థం కాదు.

మూడోది స్టాంపు కాగితం. వంద రూపాయల స్టాంపు మీద, ఊరి పెద్దల సంతకాలతో, ‘పిల్లల నిమిత్తం ఇకపై ఎటువంటి ఖర్చులూ అడగను’ అని తల్లి చేత రాయించిన కాగితం ఒకటి నా బల్ల మీదకే వచ్చింది. ఫీజు రాయితీ కోసం ఆమే తెచ్చి చూపించింది. కింద బొటనవేలి ముద్రలు, పక్కన సాక్షుల పేర్లు, ఒక పెద్దాయన ఫోన్ నంబరు కూడా. తన భరణం వదులుకుంటానని రాసుకుంటే అదొక లెక్క. పిల్లల తిండీ బట్టా చదువూ ఆమె వదులుకోవడానికి ఆమె సొమ్ము కాదు. అవి పిల్లలకి రావలసినవి. ఆ కాగితం ఉన్నా సరే, పిల్లల తరఫున భరణం కోసం తల్లి కోర్టుకి వెళ్ళొచ్చు. పాత సీఆర్‌పీసీలో 125వ సెక్షన్ అని అందరికీ నోటికొచ్చిన ఆ నిబంధన 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది గానీ బాధ్యత మారలేదు. పెళ్ళి చేసుకుని పుట్టారా, చేసుకోకుండా పుట్టారా అన్న తేడా కూడా అక్కడ లేదు. మధ్యంతర భరణం కోసం పెట్టిన అర్జీని నోటీసు అందిన 60 రోజుల్లోగా వీలైనంతవరకు తేల్చాలి. దావా వేసిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఇద్దరూ ఆస్తుల చిట్టా, సంపాదన చిట్టా ప్రమాణ పత్రంలో దాఖలు చెయ్యాలనీ అంది. ‘నాకు జీతమెక్కడుందండీ’ అనే భర్తలకి ఆ రెండో మాట కాస్త ఇబ్బందే.

లాయరుకి ఇచ్చుకోలేమని భయపడే తల్లులకి ఒక మాట. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళొచ్చు, 15100 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు.

ఇక్కడ తల్లులతో కూడా ఒక పేచీ పెట్టుకోవాలి. ఒక తండ్రి శనివారం మధ్యాహ్న భోజనం గంట కొట్టే వేళకి గేటు దగ్గరికి వచ్చేవాడు, చేతిలో కాజాల పొట్లంతో. ‘ఆయన్ని లోపలికి రానివ్వొద్దు, నెలనెలా ఇస్తానన్న డబ్బు ఇవ్వడం లేదు’ అని పిల్లాడి తల్లి నాకు ఉత్తరం రాసింది. ఆయనేమో ‘చూడనివ్వనప్పుడు ఎందుకిస్తానండీ’ అన్నాడు. బాకీ లెక్క తేలేదాకా వస్తువు తాకట్టులో ఉంచుకోవడం కొట్లో చెల్లుతుంది గానీ పిల్లాడి విషయంలో చెల్లదు. భరణం వేరు, చూడటం వేరు. రెండూ పిల్లవాడికి అందాల్సినవే. ఒకటి ఆగిందని రెండోది ఆపితే రెండుసార్లు నష్టపోయేది వాడే. కలిసి ఉండలేని పరిస్థితి ఉన్నా బిడ్డకి ఇద్దరి ప్రేమా అందాలనీ, కనీసం ఫోన్లో, వీడియో కాల్‌లో మాట్లాడే వీలైనా ఉండాలనీ 2020 జనవరిలో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. హింస ఉన్న ఇళ్ళ సంగతి వేరు, అక్కడ కోర్టు నిఘా ఉండాల్సిందే. ఈ కాజాల తండ్రి విషయంలో అలాంటిదేం లేదు. నా గదిలో, నా కళ్ళ ముందే, తండ్రీ కొడుకూ కాజాలు తిన్నారు. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి, డబ్బు ఎందుకు కట్టాలో నేను చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాను.

ఇక బాధ్యతల చిట్టా. ఇది హక్కుల చిట్టా కన్నా పొడుగు. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడికి పంపడం తల్లిదండ్రుల విధి అని విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ చెబుతుంది. అంతకుముందు 2002లోనే 86వ సవరణతో రాజ్యాంగంలోని ప్రాథమిక విధుల్లో ఆ మాట చేరింది. చేపల చెరువుల మీద కాపలాకి, రొయ్యల షెడ్లలో తలలు తీసే పనికి పిల్లల్ని పంపేసి ‘మా పిల్లలే కదండీ’ అనే వాళ్ళకి ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

పెళ్ళి మాటకొస్తే అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా చేస్తే 2006 నాటి చట్టం కింద పెద్దలకి రెండేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఆడవాళ్ళకి జైలు శిక్ష నుంచి మినహాయింపు ఉంది. ముహూర్తం పెట్టాక కూడా ఎవరైనా 1098కి ఫోన్ చెయ్యొచ్చు, పేరు చెప్పక్కర్లేదు.

బండి సంగతి చూడండి. మా ఊళ్ళో తొమ్మిదో తరగతి కుర్రాడు బుల్లెట్టు మీద వస్తే తండ్రి మురిసిపోతాడు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే నేరస్థుడు సంరక్షకుడు, లేదా బండి యజమాని. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. కుర్రాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ‘నాకు తెలియకుండా తీసుకెళ్ళాడు’ అంటే చాలదు, ఆ సంగతి తండ్రే నిరూపించుకోవాలి. ఇన్నేళ్ళలో ఈ సెక్షన్ చదివి వినిపించినప్పుడు నిశ్శబ్దమైనంతగా మా పేరెంట్స్ మీటింగు ఇంకెప్పుడూ కాలేదు.

అదే మీటింగులో ఎప్పుడూ వినిపించే మాట ఇంకోటుంది: ‘కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా మేం అడగమండీ’. ప్రేమతో అంటారు, పాపం. కానీ బళ్ళో కొట్టడం, మనసు గాయపరచడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఆ నిషేధాన్ని ఎత్తేసే అధికారం తండ్రికి లేదు. ఇంట్లోనూ అంతే. బిడ్డ ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ళే క్రూరంగా ప్రవర్తిస్తే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. కన్నవాళ్ళన్న మినహాయింపు లేదు.

ఆస్తి దగ్గర కూడా ఇదే దారి. తాతగారు మనవడి పేరున రాసిన అరెకరం ఉందనుకోండి. తండ్రికి అప్పులైతే ముందు దాని మీదకే చూపు పోతుంది. కోర్టు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తిని సహజ సంరక్షకులు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అని 1956 చట్టం ఎనిమిదో సెక్షన్. అమ్మేస్తే, మేజరయ్యాక మూడేళ్ళలోగా ఆ అమ్మకాన్ని రద్దు చెయ్యమని బిడ్డ కోర్టుకెళ్ళొచ్చు. చవగ్గా వస్తోందని మైనరు భూమి కొనేవాళ్ళు కూడా ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.

ఇప్పుడు దారి తప్పిన ఆ ఒక్క చోటుకి వద్దాం. అదే 1956 చట్టం, ఆరో సెక్షన్. మైనరు కొడుక్కి, పెళ్ళికాని కూతురికి సహజ సంరక్షకులు ఎవరు? ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’. పెళ్ళి బయట పుట్టిన బిడ్డకైతే ముందు తల్లి, తర్వాత తండ్రి. మైనరుగానే పెళ్ళైన అమ్మాయికి సంరక్షకుడు భర్త! బాల్యవివాహం నేరమని ఒక చట్టం అంటుంటే, ఆ నేరంలో పెళ్ళికొడుకైన వాడిని ఇంకో చట్టం ఆ పిల్లకి సంరక్షకుడంటోంది.

మా ప్రాంతం వాళ్ళకి ఈ సెక్షన్ పుస్తకంలో మాట కాదు. నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు ఊళ్ళ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు చాలామంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మమ్మ వేలిముద్ర ఉంటుంది. అలాంటి ఒక పిల్లకి ఏదో ధ్రువపత్రం కావాల్సి వస్తే, ఒక ఆఫీసులో గుమస్తా ‘తండ్రి సంతకం కావాలి’ అని వెనక్కి పంపాడు. ఆ తండ్రి హైదరాబాదులో ఎక్కడో ఉన్నాడని వినికిడే గానీ, ఆ పిల్ల రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆయన వాళ్ళ గడప తొక్కింది లేదు. బియ్యానికీ బడికీ డబ్బు పంపుతున్నది కువైట్‌లో ఉన్న తల్లి. అన్నం వండి పెడుతున్నది అమ్మమ్మ. చట్టం అక్షరాలా చదివితే మొదటి సంరక్షకుడు ఆ కనపడని మనిషి. అమ్మమ్మకైతే కోర్టు నియమిస్తే తప్ప ఏ హోదా లేదు.

గుమస్తాని తప్పుపట్టేముందు ఇంకో సంగతి. రచయిత్రి గీతా హరిహరన్‌కి 1984లో ఇదే జరిగింది. కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం కావాలన్నారు. భార్యాభర్తలిద్దరూ ఒక మాట మీదే ఉన్నారు, అయినా ఆమె సంతకం చెల్లలేదు. వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1999 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. తండ్రి చనిపోయాకే తల్లి వంతు అని ఆ సెక్షన్‌కి అర్థం చెప్పకూడదు, తండ్రి పట్టించుకోకపోయినా, దూరంగా ఉండిపోయినా, ఇద్దరూ ఒప్పుకున్నా తల్లే సంరక్షకురాలు అంది కోర్టు. 2015లో ఇంకో అడుగు వేసింది. పెళ్ళి కాని తల్లి, తండ్రి పేరు బయటపెట్టకుండానే, ఆయనకి నోటీసు ఇవ్వకుండానే బిడ్డకి సంరక్షకురాలు కావచ్చంది. 2022 జులైలో మన తెలుగువాళ్ళ కేసే ఒకటి తేలింది. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి, బిడ్డకి రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుంది. నాయనమ్మ తాతయ్యలు కోర్టుకెళ్ళారు. పాత ఇంటిపేరే పెట్టాలని, రెండో భర్తని రికార్డుల్లో సవతి తండ్రిగా చూపాలని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించే హక్కుందంది. సవతి తండ్రి అని రాయించడం బిడ్డ మనసుకి తగిలే గాయమని గుర్తించింది. అడ్మిషన్ రిజిస్టరులో పేర్లు రాసిన చెయ్యి నాది. ఆ మాట పిల్లాడి పక్కన రాస్తే క్లాసులో ఏమవుతుందో నాకు తెలుసు.

తీర్పులు ఇంత దూరం వచ్చాయి కదా, ఇక బాధేముంది అంటారా? తీర్పులు కౌంటరు దాకా రావు. కౌంటరు అవతల కూర్చున్న మనిషికి తెలిసింది చట్టంలో అచ్చైన వరస. ఆ వరస మారనంతకాలం ప్రతి తల్లీ తన సంతకం ఎందుకు చెల్లుతుందో మళ్ళీ మళ్ళీ వాదించుకోవాలి. లా కమిషన్ 1989లోనే తన 133వ నివేదికలో ఈ తేడా తీసేయమంది. 2015లో 257వ నివేదికలో మళ్ళీ చెప్పింది, ఇద్దరికీ సమాన హోదా ఇవ్వాలని, ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వాలని. పార్లమెంటు 2010లో 1890 చట్టంలో తండ్రి పక్కన తల్లిని చేర్చింది గానీ, 1956 చట్టంలోని వరస జోలికి మాత్రం పోలేదు. నా మాటలు హిందూ చట్టం గురించి. ముస్లిం కుటుంబాల్లో చిన్నపిల్లల పెంపకం తల్లిదైనా సంరక్షకత్వం తండ్రిదే అనే సంప్రదాయం ఉంది, ఆ చర్చ కూడా జరగాల్సిందే.

‘ఇప్పటికే కోర్టులు ఆడవాళ్ళ వైపే, ఇంకా హక్కులా?’ అని తండ్రులు కొందరు అంటారు. సమాన సంరక్షకత్వం వాళ్ళకీ మేలు చేస్తుంది. ‘పెంపకం తల్లి పని, పెత్తనం తండ్రి పని’ అని చట్టమే విడదీసి పెట్టబట్టి, విడిపోయాక తండ్రి రెండు వారాలకోసారి వచ్చే చుట్టంలా మిగిలిపోతున్నాడు. ఇద్దరూ సమానమంటే చదువు, వైద్యం, పాస్‌పోర్టు అన్నిట్లో ఇద్దరి మాటా ఉంటుంది. జ్వరమొస్తే రాత్రి మేలుకునే వంతూ ఇద్దరిదీ అవుతుంది.

విచిత్రం ఏమిటంటే మన ప్రభుత్వాలు ఈ విషయంలో ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చేశాయి. 2020లో అమ్మఒడి పెట్టినప్పుడు డబ్బు తల్లి ఖాతాలో వేశారు. ప్రభుత్వం మారింది, 2025లో తల్లికి వందనం వచ్చింది, డబ్బు మళ్ళీ తల్లి ఖాతాలోకే. ఒకరికొకరు పొసగని పార్టీలు రెండూ ఒప్పుకున్న సంగతి ఇదొక్కటే కాబోలు: బిడ్డ చదువు డబ్బు తల్లి చేతిలో ఉంటే బిడ్డకే చేరుతుందని. డబ్బుకి నమ్మిన మనిషిని సంతకానికి ఎందుకు రెండో వరసలో నిలబెట్టాలి?

‘అది కేంద్ర చట్టం, మనమేం చేస్తాం’ అనే జవాబు నాకు చాలదు. మైనర్లు, దత్తత, వారసత్వం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఒకే పద్దు కింద ఉన్నాయి. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం తన వరకు సవరించుకోవచ్చు. ఆ పని మనం ఒకసారి చేశాం కూడా. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ చట్టం రావడానికి 2005 దాకా పట్టింది.

కాబట్టి అమరావతి, హైదరాబాదు శాసనసభలు రెండింటినీ అడుగుతున్నాను. మైనరు పిల్లలకి తల్లీ తండ్రీ సమానంగా, ఒకేసారి సహజ సంరక్షకులు అని ఆరో సెక్షన్‌కి సవరణ తీసుకురండి. మైనరు భార్యకి భర్త సంరక్షకుడనే ముక్క కొట్టేయండి. అది తెమిలేలోగా, 1999 తీర్పు ప్రకారం బిడ్డని పోషిస్తున్న తల్లి సంతకాన్ని ప్రతి కార్యాలయమూ తీసుకోవాలని ఒక పేజీ సర్క్యులర్ ఇవ్వండి. దానికి ఢిల్లీ అనుమతి కూడా అక్కర్లేదు. కూతురికి వాటా ఇవ్వడంలో దేశానికి ఇరవై ఏళ్ళు ముందున్న వాళ్ళం, తల్లి సంతకం దగ్గర వెనకబడితే ఏం బాగుంటుంది?